కుడి చేతిలో రక్తపు గడ్డ, ఎడమ వైపు పక్షవాతం: జె.ఆర్. రిచర్డ్ కేసు

రోగి వయసు 30. పురుషుడు. కుడిచేతి వాటం. ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. వృత్తి బేస్‌బాల్ పిచర్, అంటే బంతి విసరడమే ఉద్యోగం. కొన్ని వారాలుగా బంతి విసురుతున్న కొద్దీ కుడి చెయ్యి బరువెక్కి చచ్చుబడినట్లు అవుతోంది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. భుజంలో, వీపు పైభాగంలో నొప్పి. ఆట మొదట్లో ఏ ఇబ్బందీ ఉండదు, విసరగా విసరగా మొదలవుతుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది.

రక్తనాళాల శస్త్రచికిత్స నేర్చుకోవడానికి మా విభాగానికి వచ్చే యువ డాక్టర్లకు ఇంతవరకే చెప్పి, ముందుగా ఏం చూస్తారని అడుగుతాను. చాలామంది భుజం కీలు దగ్గరికో మెడ డిస్కు దగ్గరికో వెళతారు. ఎమ్మారై రాస్తామంటారు. మణికట్టు పట్టుకుని నాడి చూస్తామనేవాళ్ళు అరుదు. పని చేస్తుంటే వచ్చి, ఆపితే పోయే నొప్పి ఎక్కడున్నా రక్తప్రసరణను అనుమానించాలని వాళ్ళకు తెలియక కాదు. సిగరెట్లు తాగే పెద్దాయన నాలుగడుగులు వేయగానే పిక్క పట్టేస్తోందని కూర్చుంటే ఇదే డాక్టర్లు క్షణంలో కాలి ధమని పూడిపోయిందని చెప్పేస్తారు. అదే మాట ముప్పై ఏళ్ళ ఆటగాడు చేతి గురించి చెబితే కండరం పట్టేసిందనుకుంటారు.

ఈ రోగి జేమ్స్ రాడ్నీ రిచర్డ్, హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు, 1980. అప్పట్లో బయటకు వచ్చిన వైద్య వివరాలు, తర్వాతి సంవత్సరాల్లో రిచర్డ్ స్వయంగా చెప్పుకున్న సంగతుల ఆధారంగా ఈ కేసును పాఠంగా చెబుతుంటాను. మా విభాగంలో ఒక్కరు కూడా బేస్‌బాల్ చూడరు. అయినా కుడి చేతికి రక్తం తీసుకెళ్ళే సబ్‌క్లేవియన్ ధమని ఎక్కడ పుడుతుందో మరిచిపోకుండా చేసే కేసు ఇంతకు మించింది నాకు కనపడలేదు.

ముందు మనిషి గురించి

రిచర్డ్ 1950 మార్చి 7న లూసియానా రాష్ట్రంలోని వియెన్నా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పక్కనే ఉన్న రస్టన్‌లో లింకన్ హైస్కూలులో చదివాడు. స్కూలు చివరి ఏడాది అతని బౌలింగ్‌లో ప్రత్యర్థులకు ఒక్క పరుగు కూడా దక్కలేదు. బాస్కెట్‌బాల్ ఆడమని కాలేజీలు స్కాలర్‌షిప్‌లు ఇస్తామన్నా కాదని బేస్‌బాల్ ఎంచుకున్నాడు. 1969లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో దేశం మొత్తం మీద రెండో పేరుగా హ్యూస్టన్ అతన్ని తీసుకుంది.

క్రికెట్ మాత్రమే చూసేవారికి రెండు మాటలు. బేస్‌బాల్‌లో బంతిని ఎవరూ ఫీల్డు చేయనక్కర లేకుండా పిచర్ ఒక్కడే బ్యాటర్‌ను మూడు స్ట్రైకులతో వెనక్కి పంపడం స్ట్రైకవుట్. తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే లెక్క ఈఆర్ఏ, అది ఎంత తక్కువైతే అంత గొప్ప. 1971 సెప్టెంబరు 5న పెద్ద లీగులో తొలి మ్యాచ్‌లోనే రిచర్డ్ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మీద 15 స్ట్రైకవుట్లు తీశాడు. తొలి మ్యాచ్‌లో అన్ని తీసింది అంతకు ముందు 1954లో కార్ల్ స్పూనర్ ఒక్కడే.

ఆ తర్వాత కుదురుకోవడానికి ఏళ్ళు పట్టింది. వేగం ఉంది, అదుపు లేదు. 1975లోనూ 1976లోనూ లీగులో అందరికంటే ఎక్కువగా గురి తప్పిన బంతులేసి బ్యాటర్లను ఊరికే బేస్‌కు నడిపించినవాడు అతనే. అయినా 1976లో 20 మ్యాచ్‌లు గెలిచాడు. 1978లో 303 స్ట్రైకవుట్లు. 1900 తర్వాత నేషనల్ లీగులో (పెద్ద లీగులోని రెండు భాగాల్లో ఒకటి) 300 దాటిన మొదటి కుడిచేతి పిచర్ అతను. మరుసటి ఏడాది 313, దానితో పాటు 2.71తో లీగులోకెల్లా తక్కువ ఈఆర్ఏ. గంటకు 100 మైళ్ళకు దగ్గరగా వచ్చే బంతి, అంత పొడవు మనిషి, అంత పొడవు చెయ్యి. అతనికి ఎదురు నిలబడటానికి పేరున్న బ్యాటర్లే జంకేవారు.

ఒక డాక్టరుగా నా కన్ను వేరే అంకెల మీద ఆగుతుంది. 1976లో 291 ఇన్నింగ్స్, 1977లో 267, 1978లో 275, 1979లో 292. ఇప్పటి పిచర్లలో ఏడాదికి 200 ఇన్నింగ్స్ పూర్తి చేసేవాళ్ళే కొద్దిమంది. బంతి విసిరే ముందు భుజం పక్కకు లేచి, చెయ్యి వెనక్కి తిరిగి, దాదాపు అరచెయ్యి ఆకాశం చూసే స్థితికి వస్తుంది. ఆ ఒక్క స్థితిలోనే కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య సందు బాగా ఇరుకవుతుంది. నాలుగేళ్ళలో రిచర్డ్ ఆ స్థితిలోకి వేలాది సార్లు వెళ్ళి వచ్చాడు, అదీ పూర్తి బలంతో.

1980 వేసవి

ఆ ఏడాది మరో పేరున్న పిచర్ నోలన్ రయన్ హ్యూస్టన్ జట్టులోకి వచ్చాడు. ఏడాదికి పది లక్షల డాలర్ల జీతం అందుకున్న మొదటి ఆటగాడు అతను. జట్టు 1962లో పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా లీగు దశ దాటలేదు, ఈసారి దాటుతుందన్న ఆశ ఊరంతా పాకింది. అలాంటి సమయంలో జట్టులోని అత్యుత్తమ పిచర్ మ్యాచ్ మధ్యలో చెయ్యి పని చేయడం లేదని బయటకు రావడం మొదలుపెట్టాడు.

అతని ఫలితాలు చూస్తే జబ్బు మనిషి కనపడడు. 10 గెలుపులు, 4 ఓటములు, ఈఆర్ఏ 1.90. జీవితంలో అంత బాగా అతను ఎప్పుడూ ఆడలేదు. జూలై 8న లాస్ ఏంజెలెస్‌లో రెండు లీగుల మేటి ఆటగాళ్ళ మధ్య జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్‌లో నేషనల్ లీగు తరఫున మొదటి బంతి వేసిందీ అతనే. అందుకే నమ్మలేదు. ఇంత బాగా విసిరేవాడికి చేతిలో రోగమేమిటన్నారు. రయన్ జీతం చూసి అసూయ అన్నారు, బద్ధకం అన్నారు, ఒత్తిడి తట్టుకోలేకపోతున్నాడన్నారు. పత్రికలు రాశాయి, అభిమానులు నమ్మారు. తక్కువ మాట్లాడే, భారీ దేహం ఉన్న నల్లజాతి మనిషి నొప్పి అంటే నటన అనుకోవడం ఆనాటి అమెరికాలో ఎంత సులువో ఆ సంవత్సరపు క్రీడా పేజీలే సాక్ష్యం. తెల్లజాతి సహచరుడు అదే మాట అంటే ఇలాగే రాసేవారా అని తర్వాత అతని జట్టువాళ్ళే అడిగారు.

ఇక్కడ డాక్టర్లు గమనించాల్సింది ఒకటుంది. ప్రసరణ లోపం వల్ల వచ్చే లక్షణాల స్వభావమే అనుమానానికి తావిస్తుంది. విశ్రాంతిలో చెయ్యి మామూలుగా ఉంటుంది. పరీక్ష గదిలో మంచం మీద కూర్చున్న రోగి పిడికిలి గట్టిగా బిగిస్తాడు, బరువు ఎత్తుతాడు, ఎక్స్‌రేలో ఎముకలన్నీ శుభ్రంగా ఉంటాయి. మొదటి ఇన్నింగ్స్‌లో చక్కగా విసిరినవాడు నాలుగో ఇన్నింగ్స్‌లో నావల్ల కాదంటే చూసేవారికి అది మనసు మారినట్లుగా కనిపిస్తుంది. కండరానికి మామూలుగా కావలసిన రక్తం పక్కదారుల గుండా అందుతోంది. పది రెట్లు కావలసి వచ్చినప్పుడు అందడం లేదు. రోగి చెప్పే మాట అక్షరాలా నిజం, పరీక్షా నిజమే. తప్పు సమయంలో పరీక్షిస్తున్నారు, అంతే.

జూలై 14న హ్యూస్టన్ సొంత మైదానం ఆస్ట్రోడోమ్‌లో అట్లాంటా బ్రేవ్స్‌తో మ్యాచ్. మూడు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేశాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ అలన్ ఆష్‌బీ వేళ్ళతో చూపే సంకేతాలు సరిగ్గా కనపడటం లేదన్నాడు. చెయ్యి కూడా మాట వినడం లేదు. బయటకు వచ్చేశాడు. పెద్ద లీగులో అదే అతని ఆఖరి మ్యాచ్.

ఆ చూపు సంగతి నన్ను ఎప్పుడూ ఆపుతుంది. చేతి జబ్బున్నవాడికి చూపు ఎందుకు మసకబారాలి? ఎండా, అలసటా అని కొట్టిపారేయవచ్చు. ఆస్ట్రోడోమ్‌కు పైకప్పు ఉంది, అప్పట్లో లోపల ఏసీ ఉండేది. మున్ముందు ఏం జరగబోతోందో ఆ రోజే చిన్న రక్తపు గడ్డ ఒకటి చెప్పి వెళ్ళిందేమోనని నా ఊహ. రుజువు చేయలేను. అయితే చెయ్యి, కన్ను రెండూ ఒకే మ్యాచ్‌లో ఫిర్యాదు చేసిన రోగిని నేనైతే ఇంటికి పంపను.

పరీక్షలు, వాటిని చదివిన తీరు

జూలై 23న హ్యూస్టన్‌లో ఆసుపత్రిలో చేరాడు. శారీరక పరీక్షలతో పాటు మానసిక పరీక్షలు కూడా చేశారు. ఆ రెండో రకం పరీక్షలు ఎందుకు అవసరమనిపించాయో పై పేరాలు చదివినవారికి చెప్పనక్కర లేదు.

ఎడమ చేతిలో బీపీ మామూలుగా ఉంది. కుడి చేతిలో దాదాపు లేదు. యాంజియోగ్రామ్‌లో కుడి సబ్‌క్లేవియన్ ధమని చివరి భాగం, దాని కొనసాగింపయిన ఆక్సిలరీ ధమని పూర్తిగా మూసుకుపోయి కనిపించాయి. అంటే బద్ధకం కాదు, అసూయ కాదు, రక్తం వెళ్ళే దారి లేదు. జూలై 25న మెడ ధమనులను కూడా చూశారు. అవి శుభ్రంగా ఉన్నాయన్నారు. ఆపరేషన్ అవసరం లేదన్న నిర్ణయానికి వచ్చారు. పర్యవేక్షణలో తేలికపాటి సాధనకు అడ్డు చెప్పలేదు.

ఈ కేసంతా నా దృష్టిలో ఈ రెండు రోజుల్లోనే ఉంది. మామూలుగా దీన్ని పసిగట్టలేకపోయిన జబ్బు కథగా చెబుతారు. పసిగట్టారు. యాంజియోగ్రామ్ చేతిలో ఉంది. అడిగిన ప్రశ్న వేరు. ఈ చెయ్యి బతుకుతుందా, ఈ చేతితో మళ్ళీ విసరగలడా అని అడిగారు. భుజం చుట్టూ సన్నని ధమనులు ఎన్నో ఉంటాయి, ప్రధాన దారి మూసుకుపోతే అవి వెడల్పయి చేతిని పోషిస్తాయి, కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు అవును అనే వస్తుంది. అడగాల్సిన ప్రశ్న ఈ గడ్డ ఇక్కడి నుంచి ఎటు పోతుంది అన్నది.

ఇక శరీర నిర్మాణంలోకి వెళ్ళాలి.

మెడకూ చంకకూ మధ్య, కాలర్ ఎముక కింద, మొదటి పక్కటెముక పైన ఒక ఇరుకు దారి ఉంది. చేతికి వెళ్ళే నరాల గుత్తి, సబ్‌క్లేవియన్ ధమని అందులోంచి స్కేలీన్ అనే మెడ కండరాల మధ్యగా వెళతాయి, సిర వాటికి ముందుగా. ఈ దారిలో ఏది నొక్కుకుపోయినా దాన్ని థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అంటారు. నూటికి తొంభైకి పైగా కేసుల్లో నొక్కుకునేది నరం, అప్పుడు నొప్పి, తిమ్మిరి. కొద్దిమందిలో సిర, అప్పుడు చెయ్యి వాచి నీలంగా మారుతుంది. ధమని నొక్కుకునేది నూటికి ఒకరిలో. అరుదైనదీ అదే, ప్రమాదకరమైనదీ అదే.

చెయ్యి ఎత్తినప్పుడల్లా కాలర్ ఎముక, పక్కటెముక కత్తెర మొనల్లా దగ్గరకు వస్తాయి. ఒక్కసారికి ఏమీ కాదు. ఏళ్ళ తరబడి నొక్కుకున్న చోట ధమని లోపలి పొర గరుకెక్కుతుంది. నొక్కుడు దాటాక రక్తం సుడులు తిరిగి ధమని ఉబ్బుతుంది. గరుకు చోట, ఉబ్బిన చోట రక్తం గడ్డకడుతుంది. చిన్న ముక్కలు తెగి వేళ్ళ వైపు వెళితే వేలి కొనలు చల్లబడి నల్లబడతాయి, చాలా కేసులు అలాగే మా దగ్గరికి వస్తాయి. ధమని పూర్తిగా మూసుకుపోతే మూత వెనక, గుండె వైపు, రక్తం నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డకడుతూ వెనక్కి, తర్వాతి కొమ్మ దాకా పెరుగుతుంది.

ఆ తర్వాతి కొమ్మ ఏదన్నదే అసలు విషయం. ఎడమ సబ్‌క్లేవియన్ గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని నుంచి విడిగా పుడుతుంది, మెడలోంచి మెదడుకు వెళ్ళే ఎడమ కెరోటిడ్ ధమని కూడా విడిగా. కుడి వైపు అలా కాదు. అక్కడ బృహద్ధమని నుంచి ఒకే కాండం బయలుదేరి, మెడ అడుగున రెండుగా చీలుతుంది. ఒకటి కుడి చేతికి వెళ్ళే సబ్‌క్లేవియన్, రెండోది మెదడుకు వెళ్ళే కుడి కెరోటిడ్. మెదడు వెనక భాగానికి వెళ్ళే వర్టిబ్రల్ ధమని కూడా సబ్‌క్లేవియన్ నుంచే లేస్తుంది. కుడి చేతిలోని గడ్డ వెనక్కి కొన్ని సెంటీమీటర్లు పెరిగితే చాలు, మెదడుకు వెళ్ళే దారి గుమ్మంలో ఉన్నట్లే. ఆపైన ఆ చెయ్యి బలంగా ఊపితే, ముందుకు దారి లేని రక్తం వెనక్కి తోసుకొస్తుంది.

జూలై 25న మెడ ధమనులు శుభ్రంగా ఉండటం ఊరట కలిగించే ఫలితంగా చదివారు. నేను దాన్ని తలకిందులుగా చదువుతాను. గడ్డ ఇంకా మెడకు చేరలేదు, చేరకముందే ఆపడానికి సమయం ఉంది, ఇదే ఆ సమయం. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అప్పటికి నలభై ఏళ్ళకు పైగా వాడుకలో ఉన్న మందు. ధమనికి అతుకు వేసే ఆపరేషన్లూ కొత్త కాదు. ఆ పనులకు ప్రపంచంలోనే పేరున్న నగరాల్లో హ్యూస్టన్ ఒకటి. పిచర్ల చేతుల్లో ఇలాంటి ఇబ్బంది వస్తుందనీ తెలుసు, న్యూయార్క్ యాంకీస్ ఎడమచేతి పిచర్ వైటీ ఫోర్డ్‌కు చేతి రక్తప్రసరణ దెబ్బతిని శస్త్రచికిత్స జరిగింది 1960లలోనే.

జూలై 30

ఆ రోజు రిచర్డ్ ఒక కైరోప్రాక్టర్ (చేతులతో వెన్నునూ మెడనూ సర్దే చికిత్సకుడు) దగ్గరికి వెళ్ళాడనీ, రక్తప్రసరణ మెరుగు పడుతుందని ఆ చికిత్సకుడు మెడ తిప్పాడనీ రిచర్డ్ జీవిత కథనాల్లో ఉంది. దానివల్లే జరిగిందని నేను అనను. గడ్డ ఎలాగూ అక్కడికే చేరేది. అయినా మన దగ్గర క్షవరం అయ్యాక మెడను అటో విరుపు ఇటో విరుపు విరిపించుకుని హాయిగా ఉందనుకునే అలవాటు ఉంది కనుక చెబుతున్నాను. మెడలో ధమనులు నాలుగున్నాయి, ఆ విరుపుకు లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చినవారు మా వార్డుల్లో కనిపిస్తూనే ఉంటారు.

తర్వాత అదే రోజు ఆస్ట్రోడోమ్ మైదానంలో పాత సహచరుడు విల్బర్ హోవర్డ్‌తో బంతి విసురుకుంటూ రిచర్డ్ కుప్పకూలాడు. ఆసుపత్రికి చేరేసరికి శరీరం ఎడమ సగం పడిపోయింది. కుడి కెరోటిడ్‌లో నాడి అందలేదు. అయిదు రోజుల కిందట శుభ్రంగా ఉన్న ధమని అది. అత్యవసరంగా ఆపరేషన్ చేసి మెడలోంచి గడ్డ తీశారు, ప్రాణం నిలిచింది. తర్వాత సీటీ స్కాన్‌లో మెదడులో మూడు వేర్వేరు దెబ్బలు కనిపించాయి. అంటే ముక్కలు ఒకేసారి కాకుండా విడివిడిగా వెళ్ళి ఉండాలి.

కుడి చేతి జబ్బు ఎడమ వైపును ఎలా పడగొట్టిందని మా యువ డాక్టర్లు అడగకపోయినా వాళ్ళ ఇంట్లోవాళ్ళు అడుగుతారు. మెదడు కుడి సగం శరీరం ఎడమ సగాన్ని నడిపిస్తుంది. కుడి కెరోటిడ్ మూసుకుపోతే దెబ్బ తగిలేది కుడి మెదడుకు, కనపడేది ఎడమ చేతిలో, కాలిలో. విసిరే కుడి చెయ్యి పడిపోలేదు.

ఈ రోజుల్లో అయితే గడ్డ కరిగించే మందు, లేదా తొడలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేయడం. స్ట్రోక్‌కు ఆ మందు అమెరికాలో అనుమతి పొందింది 1996లో. రిచర్డ్‌కు అందుబాటులో ఉన్నదల్లా శస్త్రచికిత్స, ఆ తర్వాత నెలల తరబడి వ్యాయామ చికిత్స.

జట్టు ఆ ఏడాది మొదటిసారి తన విభాగం గెలిచింది. ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌తో అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో నాలుగు అదనపు ఇన్నింగ్స్ దాకా వెళ్ళాయి, చివరి మ్యాచ్‌లో ఓడిపోయింది. రిచర్డ్ ఉంటే అన్న మాట హ్యూస్టన్‌లో ఇంకా వినపడుతుంది.

తర్వాత

నడక వచ్చింది, విసరడమూ వచ్చింది. 1981 సెప్టెంబరులో జట్టు జాబితాలో పేరు చేర్చారు కానీ మైదానంలోకి దింపలేదు. 1982లో చిన్న లీగుల్లో ప్రయత్నించాడు. చెయ్యి బంతిని పంపగలిగింది. దూరాన్ని అంచనా వేసే చూపు, ఎడమ వైపు నుంచి వచ్చేదాన్ని గమనించి స్పందించే వేగం తిరిగి రాలేదు. పిచర్ నిలబడేది బ్యాటర్‌కు 60 అడుగుల దూరంలో. కొట్టిన బంతి అర సెకను లోపే ముఖం మీదికి రాగలదు. అలాంటి చోట కుడి మెదడు దెబ్బతిన్నవాడిని నిలబెట్టడం ఏ డాక్టరైనా ఒప్పుకోడు. 1984లో జట్టు వదిలేసింది. అతని ఖాతాలో 107 గెలుపులు, 71 ఓటములు, 1,493 స్ట్రైకవుట్లు, 3.15 ఈఆర్ఏ మిగిలాయి. వైద్యంలో నిర్లక్ష్యం మీద వేసిన దావా 12 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

డబ్బు నిలవలేదు. వ్యాపారంలో మోసపోయాడు, కాపురాలు చెదిరాయి, ఇల్లు పోయింది. 1990ల మధ్యలో హ్యూస్టన్‌లోనే ఒక హైవే వంతెన కింద పడుకుంటూ పత్రికలవారి కంటపడ్డాడు. చర్చి వాళ్ళూ పాత ఆటగాళ్ళూ చేయూతనిచ్చారు. తర్వాత తనే బోధకుడై ఇల్లు లేనివారి కోసం పని చేశాడు. 2021 ఆగస్టు 4న, 71వ ఏట, కోవిడ్‌తో హ్యూస్టన్‌లోనే పోయాడు. కుడి మెదడు స్ట్రోక్ తర్వాత మంచీ చెడూ బేరీజు వేసుకునే శక్తి, తొందరపాటును ఆపుకునే శక్తి తగ్గడం మాకు పరిచయమైన విషయం. అతని ఆర్థిక పతనంలో దాని వాటా ఎంతో చెప్పడం కష్టం, లేదని మాత్రం అనలేను. స్ట్రోక్ రోగి నడవగానే కోలుకున్నాడని డిశ్చార్జి కాగితం రాసేసే అలవాటు మన ఆసుపత్రుల్లోనూ తక్కువేమీ కాదు.

మన ఓపీలో

మన దగ్గర పిచర్లు రారు. వచ్చేది కుర్ర ఫాస్ట్ బౌలర్లు, ఈతగాళ్ళు, వాలీబాల్ స్మాష్ కొట్టేవాళ్ళు, జిమ్‌లో మెడ కండరాలు విపరీతంగా పెంచినవాళ్ళు, రోజంతా చేతులు పైకెత్తి పైకప్పులకు రంగులేసే పనివాళ్ళు. ధమని నొక్కుకున్న కేసుల్లో ఎక్కువమందికి పుట్టుకతోనే మెడ దగ్గర అదనపు పక్కటెముక ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో కనపడుతుంది, దాన్ని చూడాలన్న ఆలోచన ఉంటే.

నాడి అందని చెయ్యి కనిపించగానే దీన్నే అనుకోవడం కూడా పొరపాటే. యువతి అయితే టకాయాసు అనే ధమనుల వాపు మన దేశంలో తరచుగా చూస్తాం, దానికి కత్తి పెట్టకముందు మందులు కావాలి. బీడీ, సిగరెట్టు ఉన్న యువకుడైతే రక్తనాళాలు పూడిపోయే బర్జర్ జబ్బు, దానికి మొదటి వైద్యం పొగ మానడం. గుండె కవాటాల జబ్బు నుంచి తెగి వచ్చిన గడ్డను మరిచిపోకూడదు. ఈసీజీ, ఎకో చేయకుండా మెడ కోయకూడదు.

మా దగ్గర పద్ధతి పెద్ద ఖర్చుది కాదు. రెండు చేతుల్లోనూ బీపీ చూస్తాం. పై అంకెలో 20కి మించి తేడా ఉంటే ఆ రోగి రక్తనాళాల పరీక్ష కాకుండా ఇంటికి వెళ్ళడు. చెయ్యి పక్కన పెట్టి ఒకసారి, ఎత్తి వెనక్కి తిప్పి ఒకసారి నాడి పడతాం. ఎత్తినప్పుడు నాడి తగ్గడం ఆరోగ్యవంతుల్లో కూడా జరుగుతుంది కాబట్టి దాని ఒక్కదాని మీద తీర్పు చెప్పం. కాలర్ ఎముక పైన స్టెతస్కోపు పెట్టి వింటే ఇరుకు చోట రక్తం చేసే గరగర వినపడుతుంది. వేలి కొనల్లో చిన్న నల్ల మచ్చలు వెతుకుతాం. తర్వాత రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కానింగ్, ధమనుల చిత్రం తీసే సీటీ యాంజియో, రెండూ చెయ్యి ఎత్తిన స్థితిలో కూడా. చెయ్యి దించి తీసిన చిత్రంలో తొలి దశలోని ఇరుకు కనపడదు.

గడ్డ కనిపిస్తే ఆ క్షణమే హెపారిన్ మొదలవుతుంది. ఆటగాడి కోచ్‌కు ఫోను చేసి సాధన పూర్తిగా ఆపించడం కూడా చికిత్సలో భాగమే. అది కుడి చెయ్యి అయితే కెరోటిడ్ డాప్లర్ రిపోర్టు బాగున్నా వార్డు నుంచి కదలనివ్వం. ఆపరేషన్‌లో మొదటి పక్కటెముకను, అదనపు పక్కటెముక ఉంటే దాన్ని తీసేస్తాం, స్కేలీన్ కండరాన్ని తెంపుతాం, చెడిపోయిన ధమని ముక్క స్థానంలో తొడ సిరను అతుకుతాం. ఎముక తీయకుండా గడ్డ ఒక్కటే తీసి పంపితే మళ్ళీ వస్తుంది.

ఆపరేషన్ సమయానికి జరిగి ఉంటే రిచర్డ్ మళ్ళీ విసిరేవాడా అని పాఠం చివర ఎవరో ఒకరు అడుగుతారు. దానికి డేవిడ్ కోన్ కేసు చెబుతాను. న్యూయార్క్ యాంకీస్ పిచర్, అతనిదీ కుడి చెయ్యే. 1996 వసంతంలో వేళ్ళు చల్లబడి తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. భుజం దగ్గర ధమని ఉబ్బినట్లు తేలింది. మే నెలలో ఆ ముక్క తీసేసి కాలి సిర అతికారు. సెప్టెంబరు 2న ఓక్లండ్ మీద తిరిగి వచ్చి ఏడు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, అంటే బంతి కొట్టి బేస్ చేరే అవకాశం ఏ బ్యాటర్‌కూ ఇవ్వలేదు, ఇంకా వేయగలిగేవాడే కానీ చెయ్యి అలసిపోకూడదని మేనేజరే ఆపేశాడు. కోన్ ధమని పూర్తిగా మూసుకుపోలేదు, రిచర్డ్‌ది మూసుకుపోయింది, కాబట్టి ఇద్దరినీ ఒకే గాటన కట్టను. 1980 జూలై 25న ఆపరేషన్ జరిగి ఉంటే 100 మైళ్ళ బంతి తిరిగి వచ్చేదని హామీ ఇవ్వలేను. ఆ సీజన్ ఎలాగూ పోయేది. ఎడమ కాలూ చెయ్యీ మాత్రం పడిపోయేవి కావు.